ఒప్పుకున్నాం సరే, ఇంగ్లీషులో ఏ మాటతో?

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే యూనిట్‌కి విదేశీ కొనుగోలుదారు నుంచి మెయిల్ వచ్చిందనుకుందాం. తోతాపురి గుజ్జు ఇన్ని టన్నులు, రేటు ఇంత. "మీ రేటుకు ఒప్పుకుంటున్నాం" అని జవాబు పోవాలి. ఆఫీసులో కుర్రాడు "వి అక్నాలెడ్జ్ యువర్ ప్రైస్" అని కొట్టి పంపాడు. అవతలివాడికి దానివల్ల తెలిసేది "మీ రేటు చూశాం" అన్న ముక్క ఒక్కటే. బేరం కుదరలేదు. "వి యాక్సెప్ట్ యువర్ ప్రైస్" అని ఉంటే కుదిరేది. "వి అప్రూవ్ యువర్ ప్రైస్" అంటే బేరం చెడదు గానీ, కింది ఉద్యోగి ఫైలు మీద పై అధికారి సంతకం పెట్టినట్టుంటుంది. ఇక "వి అడ్మిట్ యువర్ ప్రైస్" అంటే దొంగతనం చేసి దొరికిపోయినట్టే.

తెలుగులో వీటన్నిటికీ "ఒప్పుకొను" ఒక్కటే చాలు. తప్పు ఒప్పుకుంటాం, సంబంధం ఒప్పుకుంటాం, రేటుకు ఒప్పుకుంటాం, ఎదుటివాడి మాట ఒప్పుకుంటాం. ఇంగ్లీషులో మాత్రం ఒప్పుకున్నది ఏమిటి, ఒప్పుకున్నవాడి హోదా ఏమిటి అన్నదాన్ని బట్టి క్రియ మారిపోతుంది. నిఘంటువులో "అంగీకరించు" పక్కన అరడజను మాటలుంటాయి. వాటిలో నోటికొచ్చింది తీసుకుంటేనే తంటా.

ఏది వాడాలో తేలకపోతే ఒక ఉపాయం ఉంది. ఒప్పుకోకపోయి ఉంటే ఏమనేవాళ్ళో ఆలోచించండి. "నేనలా అనుకోవడం లేదు" అనేవాళ్ళయితే డిజగ్రీ, కాబట్టి కావలసింది అగ్రీ విత్. "నేను చెయ్యను" అనేవాళ్ళయితే రెఫ్యూజ్, కావలసింది అగ్రీ టు. "నాకొద్దు" అనేవాళ్ళయితే డిక్లైన్, దానికి జోడు యాక్సెప్ట్. "నేను చేయలేదు" అనేవాళ్ళయితే డినై, దానికి జోడు అడ్మిట్. ఫైలు తిప్పి పంపేవాళ్ళయితే రిజెక్ట్, దానికి జోడు అప్రూవ్. పది పర్యాయపదాలు బట్టీ పట్టడం కంటే ఈ కాదనే మాటలు గుర్తుపెట్టుకోవడం తేలిక, ఎందుకంటే కాదనడానికి తెలుగులోనూ వేరువేరు మాటలున్నాయి.

అగ్రీ: తల మీద కన్నా తోక మీద కన్నేయండి

అగ్రీ తర్వాత వచ్చే చిన్న మాటే అర్థాన్ని తేలుస్తుంది. మనిషితో, అభిప్రాయంతో ఏకీభవిస్తే విత్. ప్రతిపాదనకు, షరతుకు, చేయాల్సిన పనికి ఒప్పుకుంటే టు. ఇద్దరూ కూర్చుని ఒక తేదీనో రేటునో ఖాయం చేసుకుంటే ఆన్. "ఐ అగ్రీ విత్ యు", "దే అగ్రీడ్ టు అవర్ టర్మ్స్", "వి అగ్రీడ్ ఆన్ ఎ డేట్". బ్రిటిష్ వ్యాపార ఉత్తరాల్లో "అగ్రీ ఎ ప్రైస్" అని ఆన్ లేకుండానే కనిపిస్తుంది. అది తప్పు కాదు, అక్కడి వాడుక. అమెరికా వాళ్ళకు రాసేటప్పుడు ఆన్ పెట్టండి.

ఇక్కడ మన విభక్తి కొంత సాయం చేస్తుంది, కొంత దెబ్బ తీస్తుంది. "మీతో ఏకీభవిస్తున్నాను" అన్నప్పుడు ‘తో’ నేరుగా విత్ అవుతుంది, ఇబ్బంది లేదు. "పెళ్ళికి ఒప్పుకున్నారు" అన్నప్పుడు ‘కి’ని చాలామంది ఫర్ చేసేస్తారు. "దే అగ్రీడ్ ఫర్ ద మ్యారేజ్" అన్న వాక్యం తిరుపతిలో రోజూ వినిపిస్తుంది గానీ సరైన ఇంగ్లీషు కాదు. "అగ్రీడ్ టు ద మ్యాచ్" అనాలి. "నా మాట ఒప్పుకోలేదు" అన్నదాన్ని "హి డిడ్ నాట్ అగ్రీ మై వర్డ్" అని రాయడమూ ఇలాంటిదే. మధ్యలో విత్ తప్పదు, వర్డ్ బదులు "వాట్ ఐ సెడ్" రావాలి.

ఇంకో రెండు పొరపాట్లు. మొదటిది "ఐ యామ్ అగ్రీ". రెడీ విశేషణం కాబట్టి "ఐ యామ్ రెడీ" కుదురుతుంది. అగ్రీ క్రియ, దానికి యామ్ అక్కర్లేదు. రెండోది "ఐ యామ్ అగ్రీయింగ్ విత్ యు". "ఒప్పుకుంటున్నాను"లోని ‘తున్నాను’ చూసి ఇంగ్లీషులోనూ ఇంగ్ తగిలించడం వల్ల వచ్చిన చిక్కు ఇది. అగ్రీ, యాక్సెప్ట్, అప్రూవ్, కన్ఫర్మ్, అఫర్మ్ అన్నవి అనగానే పని జరిగిపోయే మాటలు. అందుకే మామూలు వర్తమానంలో ఉంటాయి. పరీక్ష కావాలంటే క్రియ ముందు "హియర్‌బై" పెట్టి చూడండి. "ఐ హియర్‌బై యాక్సెప్ట్" నిలబడుతుంది, "ఐ హియర్‌బై యామ్ యాక్సెప్టింగ్" కూలిపోతుంది. ఉద్యోగం ఆఫర్ లెటర్‌కు జవాబు రాసే పిల్లలు ఎక్కువగా ఇక్కడే జారుతారు.

అగ్రీ విత్‌కు తిండి అర్థం కూడా ఉంది. గోంగూర ఒంటికి పడకపోతే "గోంగూర డజ్ నాట్ అగ్రీ విత్ మి" అంటారు. మన "పడదు"కు ఇంత దగ్గరి మాట ఇంగ్లీషులో ఇంకోటి దొరకదు. వ్యాకరణంలో కర్తకూ క్రియకూ పొత్తు కుదరడమూ అగ్రీయే.

యాక్సెప్ట్: చేతికిచ్చింది తీసుకోవడం

ఎవరో ఏదో ఇవ్వజూపారు, మీరు తీసుకున్నారు. అది బహుమతి కావచ్చు, ఆహ్వానం, ఉద్యోగం, క్షమాపణ, రేటు ఏదైనా కావచ్చు. అప్పుడు యాక్సెప్ట్. దీని తర్వాత నామవాచకం రావాలి, టు పెట్టి ఇంకో క్రియ రాకూడదు. "హి యాక్సెప్టెడ్ టు కమ్" తెలుగువాళ్ళ ఇంగ్లీషుకు వేలిముద్ర లాంటిది. రావడానికి ఒప్పుకుంటే "అగ్రీడ్ టు కమ్", ఆహ్వానం ఒప్పుకుంటే "యాక్సెప్టెడ్ ద ఇన్విటేషన్". స్పెల్లింగులో ఎక్సెప్ట్ దీనికి కవలలా ఉంటుంది. దాని అర్థం "తప్ప". "వి ఎక్సెప్ట్ యువర్ ఆఫర్" అని పోయిందంటే మీ ఆఫర్ ఒక్కటీ మినహాయించినట్టు.

ఈ తేడాలన్నీ ఒకచోట ముచ్చటగా చూడాలంటే 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ తెరవాలి. సెక్షన్ 2 ప్రకారం, ప్రతిపాదన అందుకున్నవాడు దానికి అసెంట్ తెలిపితే ఆ ప్రతిపాదన యాక్సెప్ట్ అయినట్టు. అలా యాక్సెప్ట్ అయిన ప్రతిపాదన వాగ్దానం అవుతుంది, వాగ్దానాల మీద అగ్రిమెంట్ నిలుస్తుంది, చట్టం అమలుచేయగలిగిన అగ్రిమెంట్ కాంట్రాక్ట్ అవుతుంది. సెక్షన్ 13 కన్సెంట్‌ను చెబుతుంది: ఇద్దరూ ఒకే సంగతిని ఒకే అర్థంలో అగ్రీ కావాలి. అంటే అసెంట్ తల ఊపడం, యాక్సెప్ట్ దాని ఫలితం, కన్సెంట్ మనసుల పొత్తు, అగ్రిమెంట్ కాగితం మీదికెక్కే సరుకు. సెక్షన్ 7 మాత్రం వ్యాపారం చేసే ప్రతివాడూ గుర్తుపెట్టుకోవాలి. యాక్సెప్టెన్స్ షరతుల్లేకుండా, పూర్తిగా ఉండాలి. "వి యాక్సెప్ట్ యువర్ ప్రైస్, బట్ డెలివరీ షుడ్ బి ఫ్రీ" అని రాస్తే అది ఒప్పుకోవడం కాదు, కొత్త బేరం పెట్టడం.

అప్రూవ్, శాంక్షన్, అథరైజ్: పైనున్నవాళ్ళ మాటలు

అప్రూవ్ అనాలంటే కాదనే అధికారం కూడా ఉండాలి. బ్యాంకు లోన్ అప్రూవ్ చేస్తుంది, మేనేజరు సెలవు అప్రూవ్ చేస్తాడు, తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ తుడా లేఅవుట్ అప్రూవ్ చేస్తుంది. తిరుపతి చుట్టూ స్థలాల ప్రకటనల్లో "తుడా అప్రూవ్డ్" అన్న మాట అంత పెద్దక్షరాల్లో ఉండేది అందుకే. కొనేవాడికి అది ఒకరి అభిప్రాయం కాదు, అనుమతి. సాటివాడి ఆలోచన నచ్చితే "ఐ అప్రూవ్ యువర్ ఐడియా" అనకండి, "ఐ అగ్రీ" చాలు. పై అధికారి మెయిల్‌కు కిందివాడు "అప్రూవ్డ్ సర్" అని జవాబిస్తే నవ్వులపాలే.

అప్రూవ్ పక్కన ఆఫ్ చేరితే అధికారం పోయి ఇష్టం వస్తుంది. "మై ఫాదర్ డజ్ నాట్ అప్రూవ్ ఆఫ్ ద మ్యాచ్" అంటే నాన్నకు సంబంధం నచ్చలేదు. ఆఫ్ తీసేస్తే నాన్న రెవెన్యూ అధికారి అయిపోయి ఫైలు పక్కన పెట్టినట్టుంటుంది. చిన్న మాటే గానీ మనవాళ్ళు ఎక్కువగా వదిలేసేది ఇదే.

శాంక్షన్‌తో జాగ్రత్త. మన ఆఫీసుల్లో లోన్ శాంక్షన్ అయింది, సెలవు శాంక్షన్ అయింది, పోస్టు శాంక్షన్ అయింది అంటే మంజూరు. ఇది తప్పు కాదు. కానీ అదే మాటకు శిక్ష, ఆంక్ష అన్న అర్థం కూడా ఉంది, అంతర్జాతీయ వార్తల్లో ఎక్కువగా వినేది అదే. "ద బోర్డ్ శాంక్షన్డ్ ద కంపెనీ" అన్న వాక్యం బయటి దేశంలో చదివేవాడికి కంపెనీకి దండన పడిందనిపిస్తుంది. మన దేశం దాటే మెయిల్‌లో అప్రూవ్ గానీ, డబ్బు ఖర్చుపెట్టడానికో పని మొదలుపెట్టడానికో అధికారం ఇస్తున్నప్పుడు అథరైజ్ గానీ వాడటం మేలు.

రాటిఫై జరిగిపోయినదానికి తర్వాత వేసే ముద్ర. కార్యదర్శి అత్యవసరంగా ఖర్చు పెట్టేశాడు, తర్వాతి సమావేశంలో కమిటీ దాన్ని రాటిఫై చేస్తుంది. మీకు తెలియకుండా మీ తరఫున ఎవరో కుదుర్చుకున్న పనిని మీరు రాటిఫై చేయనూ వచ్చు, కాదననూ వచ్చు అని అదే కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 196 అంటుంది. రాజ్యాంగ సవరణల్లోనూ ఈ మాటే. జీఎస్టీ తెచ్చిన 101వ సవరణను పార్లమెంటు ఆమోదించాక సగానికి పైగా రాష్ట్రాల శాసనసభలు రాటిఫై చేశాయి, ఆ తర్వాత 2016 సెప్టెంబరు 8న రాష్ట్రపతి అసెంట్ ఇచ్చారు. అసెంట్ మామూలు మాటల్లో ఎవరూ వాడరు, బిల్లులకే వదిలేయండి. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లుకు 2014 మార్చి 1న రాష్ట్రపతి ఇచ్చిందీ అదే.

కన్సెంట్‌లో తన ఒంటిమీదో, ఆస్తిమీదో, సమాచారంమీదో హక్కున్న మనిషి "సరే, చేయండి" అంటాడు. రుయా, స్విమ్స్ లాంటి ఆసుపత్రుల్లో ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించేది కన్సెంట్ ఫారం. దాన్ని అగ్రిమెంట్ ఫారం అనరు, ఎందుకంటే అక్కడ బేరం లేదు, అనుమతే ఉంది. రోగి కన్సెంట్ ఇస్తాడు, డాక్టరు అప్రూవ్ చేస్తాడు. వీటిని తారుమారు చేయకూడదు. తోక ఎప్పుడూ టు: "షి కన్సెంటెడ్ టు ద సర్జరీ".

అడ్మిట్, అక్నాలెడ్జ్, కన్సీడ్: ఇష్టం లేకుండా ఒప్పుకునేవి

అడ్మిట్‌లో ఎప్పుడూ కాస్త తప్పు వాసన ఉంటుంది. "ఐ అడ్మిట్ దట్ ఐ రిసీవ్డ్ యువర్ లెటర్" అంటే అంతకుముందు అందలేదని బొంకినట్టు. ఉత్తరం అందిందని చెప్పడానికి అక్నాలెడ్జ్ చాలు. అడ్మిట్ తర్వాత ఇంగ్ రూపం వస్తుంది: "హి అడ్మిటెడ్ టేకింగ్ ద మనీ". "అడ్మిటెడ్ టు టేక్" తప్పు. నేరం మొత్తం ఒప్పుకుంటే అడ్మిట్ కన్నా కన్ఫెస్ బలమైనది. వాదనలో ఎదుటివాడి పాయింట్ ఒకటి ఒప్పుకుని మిగతాదాని మీద పోరాడితే కన్సీడ్. ఎన్నికల్లో ఓటమి ఒప్పుకోవడానికీ అదే మాట.

అక్నాలెడ్జ్ "అందింది, చూశాను" అంటుంది, "ఒప్పుకున్నాను" అనదు. పోస్టులో వచ్చే నోటీసు వెంట ఉండే అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు మీద సంతకం పెట్టినంత మాత్రాన లోపలి నోటీసుకు మీరు తలొంచినట్టు కాదు. భయపడి సంతకం పెట్టకుండా తిప్పి పంపేవాళ్ళు ఈ తేడా తెలుసుకోవాలి.

అయితే అప్పు దగ్గరికొచ్చేసరికి ఈ మాటకు పదును వస్తుంది. 1963 లిమిటేషన్ యాక్ట్ సెక్షన్ 18 ప్రకారం, గడువు తీరకముందే అప్పు ఉన్నమాట నిజమని రాతపూర్వకంగా అక్నాలెడ్జ్ చేసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి గడువు మళ్ళీ మొదటికొస్తుంది. ప్రామిసరీ నోటుకు మామూలు గడువు 3 ఏళ్ళు. పల్లెల్లో కొంత సొమ్ము కట్టి నోటు వెనక చెల్లు వేయించడం వెనకున్న లెక్క సెక్షన్ 19లో ఉంది: గడువులోపల కొంత చెల్లించి, ఆ చెల్లింపును కట్టినవాడు తన చేత్తో రాసినా, సంతకం పెట్టినా మళ్ళీ కొత్త గడువు. ఇంగ్లీషులో నోటు వెనక రాసే ఆ రాతనే ఎండార్స్‌మెంట్ అంటారు. ఎండార్స్ అన్న మాట పుట్టిందే వీపు అనే అర్థమున్న లాటిన్ పదం నుంచి. చెక్కు వెనక సంతకం పెట్టడం మొదటి అర్థం, ఎవరికైనా బహిరంగంగా మద్దతు పలకడం తర్వాతిది. మన రెవెన్యూ ఆఫీసుల్లో "ఎండార్స్‌మెంట్ ఇచ్చారు" అంటే చాలాసార్లు దరఖాస్తు ఎందుకు కుదరదో రాసి చేతిలో పెట్టడం. అదే మాటకు ఇంగ్లీషు పత్రికల్లో ఉన్న మద్దతు అర్థం పట్టుకుని పని అయిపోయిందని సంబరపడకండి, రెవెన్యూ ఆఫీసులో కథ తలకిందులు.

కన్ఫర్మ్, అఫర్మ్, అటెస్ట్

కన్ఫర్మ్ చేయాలంటే ముందు ఏదో ఒకటి తాత్కాలికంగా ఉండి ఉండాలి. వెయిటింగ్ లిస్టులో ఉన్న టికెట్ కన్ఫర్మ్ అవుతుంది, అనుకున్న తేదీ కన్ఫర్మ్ అవుతుంది, ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగి కన్ఫర్మ్ అవుతాడు. సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు కన్ఫర్మ్ చేసేదాకా అమలు చేయకూడదు. అంతకుముందు ఏమీ అనుకోని చోట "ఐ కన్ఫర్మ్ యువర్ రిక్వెస్ట్" అనడం అర్థంలేనిది. అక్కడ అప్రూవో యాక్సెప్టో కావాలి.

అఫర్మ్ గట్టిగా, బాధ్యతతో "ఇది నిజం" అని చెప్పడం. అనుమానం తీర్చడం కన్ఫర్మ్ పని, మాట మీద నిలబడటం అఫర్మ్ పని. రాజ్యాంగం మూడో షెడ్యూల్లో శాసనసభ్యుల ప్రమాణానికి రెండు దారులు పెట్టారు. దేవుడి పేరు మీదైతే స్వేర్, దేవుడి పేరు లేకుండా అయితే "సాలెమ్న్‌లీ అఫర్మ్". కాణిపాకం వినాయకుడి ముందు చేసే సత్యప్రమాణాన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే స్వేర్ అనాలి, అఫర్మ్ పనికిరాదు. కోర్టు అఫిడవిట్‌లో మొదటి పేరాలోనే "సాలెమ్న్‌లీ అఫర్మ్ అండ్ స్టేట్ యాజ్ ఫాలోస్" అని ఉంటుంది. అది సంప్రదాయంగా వచ్చే అలంకారం కాదు, ప్రమాణమే. కింద రాసింది అబద్ధమైతే దానికి శిక్ష ఉంటుంది. పై కోర్టు కింది కోర్టు తీర్పును నిలబెడితే అమెరికాలో అఫర్మ్ అంటారు, మన పత్రికల్లో అప్‌హెల్డ్ ఎక్కువ.

అటెస్ట్ చేసేవాడు సంతకానికి సాక్షి, లోపలి సంగతికి కాదు. వీలునామాకు కనీసం ఇద్దరు అటెస్ట్ చేయాలని 1925 భారత వారసత్వ చట్టం సెక్షన్ 63 చెబుతుంది. వాళ్ళు వీలునామాలోని పంపకాన్ని అగ్రీ అయినట్టు కాదు, రాసినవాడు సంతకం పెట్టడం తాము చూశామనో, ఆ సంతకం తనదేనని అతను తమతో చెప్పాడనో సాక్ష్యం పలికినట్టు.

ఈ క్రియల తేడా ప్రాణాల మీదికొచ్చేచోటు రేణిగుంట విమానాశ్రయం లాంటిది. పైలట్లు, కంట్రోలర్లు మాట్లాడే అంతర్జాతీయ రేడియో భాషలో ఒక్కో మాటకు ఒక్కటే అర్థం. అఫర్మ్ అంటే "అవును". అఫర్మేటివ్ అని పూర్తిగా అనరు, ఎందుకంటే గరగరలో మొదటి భాగం పోతే నెగటివ్‌లా వినిపించే ప్రమాదం ఉంది. అమెరికాలో మాత్రం ఇంకా అఫర్మేటివే అంటున్నారు. అప్రూవ్డ్ అంటే అడిగిన పనికి అనుమతి దొరికింది. కన్ఫర్మ్ అంటే "నేను విన్నది సరేనా, సరిచూసి చెప్పు" అన్న ప్రశ్న. అక్నాలెడ్జ్ అంటే "అందిందా, అర్థమైందా చెప్పు". రోజర్ అంటే "మీరు చెప్పిందంతా అందింది" అని మాత్రమే. అవును, కాదు అని చెప్పాల్సిన ప్రశ్నకు రోజర్ జవాబు కాకూడదు. విల్‌కో అంటే అర్థమైంది, అలాగే చేస్తాను. సినిమాల్లో రోజర్‌ను "సరే" చేసేశారు గానీ, అసలు రోజర్ మన గుజ్జు యూనిట్ కుర్రాడు రాసిన అక్నాలెడ్జ్‌కు తమ్ముడు. ఆఫీసు మెయిళ్ళలో "నోటెడ్" కూడా ఆ ఇంటిదే. మేనేజరు నోటెడ్ అన్నాడంటే చదివాడు, అంతవరకే. పని మొదలుపెట్టాలంటే "అప్రూవ్డ్" అన్న మాట వచ్చేదాకా ఆగాలి.

కొన్ని మాటలను దాటేయొచ్చు. కన్కర్ అంటే న్యాయమూర్తులు, డాక్టర్లు ఒకే అభిప్రాయానికి రావడం. మామూలు మెయిల్‌లో అగ్రీ బదులు వేస్తే టై కట్టుకుని టీ కొట్టుకెళ్ళినట్టుంటుంది. అక్సీడ్ టు అంటే ఒత్తిడి మీద విన్నపానికి లొంగడం. అక్వియెస్ ఇన్ అంటే నోరు మూసుకుని సమ్మతించడం. నిబంధన పాటిస్తే కంప్లై విత్, "కంప్లై టు" ఎక్కడా లేదు. సమావేశంలో ఒకరు పెట్టిన తీర్మానాన్ని బలపరిస్తే సెకండ్.

యెస్ ఎప్పుడు, నో ఎప్పుడు

క్రియలన్నీ సరిగ్గా వాడినవాళ్ళు కూడా ఇక్కడ తప్పటడుగు వేస్తారు. "నిన్న చంద్రగిరికి పోలేదా?" అని అడిగితే, పోనివాడు తెలుగులో "అవును, పోలేదు" అంటాడు. మన "అవును" ప్రశ్న వేసినవాడి ఊహతో ఏకీభవిస్తుంది. ఇంగ్లీషు యెస్ అలా కాదు, జరిగిన పనికే కట్టుబడి ఉంటుంది. పోతే యెస్, పోకపోతే నో. ప్రశ్న ఎలా అడిగినా సరే. "డిడ్ంట్ యు గో?" అంటే "నో, ఐ డిడ్ంట్". "యెస్, ఐ డిడ్ంట్ గో" అంటే వినేవాడు సగం దగ్గరే ఆగిపోయి, పోయావని రాసుకుంటాడు. ఫోన్ ఇంటర్వ్యూల్లో, వీసా ఇంటర్వ్యూల్లో "యు హావ్ నో బ్యాక్‌లాగ్స్, రైట్?" లాంటి ప్రశ్నకు ఒక్క యెస్ అని ఊరుకోకండి. "నో, ఐ హావ్ నో బ్యాక్‌లాగ్స్" అని పూర్తి వాక్యం చెప్పండి.

మన "సరే", "అట్నే కానీ" అన్నవాటికి యెస్ సరైన జోడు కాదు. "తలుపు వేస్తావా?" అన్న విన్నపానికి "ష్యూర్" అనండి. "తలుపు వేశావా?" అన్న ప్రశ్నకు "యెస్, ఐ డిడ్" అనండి. ఎవరైనా సూచన ఇస్తే "ఓకే, ఐ విల్". ఎదుటివాడు మాట్లాడుతుంటే మనం మధ్యమధ్య "ఊఁ, ఊఁ" అంటాం, "వింటున్నాను" అని తెలపడానికి. దాని బదులు ఫోన్లో విదేశీ కస్టమరుతో "యెస్, యెస్" అంటూ పోతే, బేరంలో ప్రతి షరతుకూ తలూపినట్టు అవతలివాడు రాసుకుంటాడు. అక్కడ "ఐ సీ" అనడం క్షేమం. రేటు దగ్గరికొచ్చినప్పుడు "ఐ అండర్‌స్టాండ్ యువర్ ప్రైస్, లెట్ మి చెక్ అండ్ కన్ఫర్మ్ బై మెయిల్" అని ఫోన్ పెట్టేసి, ఒప్పుకోవాలనుకుంటే మెయిల్‌లో యాక్సెప్ట్ రాయండి.